తోకజెండా ఉండగా దిగులేల?

జెండా అంత దండగమారి వస్తువు మన దేశంలో మరొకటి లేదు.

ఈ మాట అన్నందుకు నన్ను ఓడరేవులోకి తోసేయాలనుకుంటున్నవాళ్లు ముందు ఈ వ్యాసం చివరిదాకా చదవండి. తోయడానికి తొందరేముంది? నీళ్లు ఎక్కడికీ పోవు. నేనూ పోను, నా మోకాళ్ల పరిస్థితి అలాంటిది.

సంగతేమిటంటే, కోపెన్‌హాగెన్‌కి దూరంగా, దీవిలో ఉన్న మా ఓస్టర్‌హౌన్ ఊళ్లో వచ్చే శనివారం ఓటింగు ఉంది. ఇళ్లవాళ్ల సంఘం అధ్యక్షుడు ప్రీబెన్ పెట్టిన తీర్మానం ఒక్కటే. పెరట్లో జెండాకర్ర ఉన్న ప్రతివాళ్లూ ఇకమీదట మామూలు జెండా మానేసి తోకజెండా కట్టుకోవాలి. అదే ఎరుపు, అదే తెలుపు, కాకపోతే రిబ్బనులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దానికి నియమం అంటూ లేదు. పగలూ రాత్రీ, ఎండకీ వానకీ, ఒకసారి ఎక్కించి మరిచిపోవచ్చు.

ఊరందరి తీర్మానమే అయినా, అందరి కళ్లూ వీధి చివర ఎబ్బె ఇంటి మీదే ఉన్నాయి. ఎబ్బె మా దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య ఫెర్రీ నడిపి రిటైరైన మనిషి. ఒక్కడే ఉంటాడు. కాలు బాగాలేదు. తోకజెండా కట్టుకోవాల్సిందే అని ప్రీబెన్ పట్టు. చచ్చినా కట్టనివ్వను అని అతని పొరుగావిడ గుద్రూన్ పట్టు. కాబట్టి పైకి చూడ్డానికి ఇది జెండాల తగువులా ఉన్నా, అసలు పంచాయితీ ఇది: ఎబ్బె బాగోగులు గాలికి వదలాలా, గుద్రూన్‌కి వదలాలా?

నేను గాలి పక్షం. ఎందుకో చెబుతాను.

చరిత్ర నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే జరిగింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట మన రాజుగారు ఎస్తోనియా మీదికి యుద్ధానికి వెళ్లి, ఇక ఓడిపోతారనగా ఆకాశంలోంచి ఈ జెండా ఊడిపడిందనీ, దాంతో యుద్ధం మలుపు తిరిగిందనీ బళ్లో మనందరికీ చెప్పారు. నేను చదివింది ఊళ్లో ఉన్న ఆ ఒక్క బడే గనక ఈ విషయంలో నాకు అనుమానాలు లేవు.

మా వంశంలో మాత్రం మిగతా కథ కూడా ఉంది. జెండా పడింది సరిగ్గా మా పూర్వికుడి నెత్తిమీదట. కాస్త తడిగా ఉందట. ఆయన దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "పైన ఎవరో బట్టలారేసుకున్నట్టున్నారు, క్లిప్పులు పెట్టుకోవద్దూ?" అన్నాడట. మడతపెట్టి పక్కన పెట్టబోతుంటే పక్కవాడు లాక్కుని, బల్లేనికి కట్టి, అరుస్తూ పరిగెత్తాడు. ఆ రోజు మావాడి మాట చెల్లి ఉంటే ఈ దేశం ఎంత హాయిగా ఉండేదో ఆలోచించండి.

ఆ తర్వాత చాలాకాలం జెండా రాజులదీ, ఓడలదీ, సైన్యానిదీ. మామూలు మనిషి తన పెరట్లో ఎగరేయడానికి వీల్లేదని ఒకప్పుడు ఆజ్ఞే ఉండేది. మా ముత్తాతల అదృష్టం చూశారా? ఆ తర్వాత, పందొమ్మిదో శతాబ్దం నడిమిలో, ఎగరేసుకోండి ఫరవాలేదన్నారు. చీలిక కొసల జెండాని ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుని, కొస చీలని జెండాని మనకి వదిలింది. అలా మనకి స్వేచ్ఛ వచ్చింది, దాంతోపాటు చాకిరీ వచ్చింది.

ఆ ఆకారం మాత్రం సామాన్యమైనదా? ఎర్రబట్ట మీద తెల్ల సిలువ. ఆ సిలువ నడిమధ్యన ఉందా అంటే లేదు, కర్రవైపుకి జరిగి ఉంటుంది. చదువుకున్నవాళ్లు దీనికి కొలతలు చెబుతారు. మా నాయనమ్మ కారణం చెప్పింది. నడిమధ్యన నిలబడి అందరూ నన్నే చూడాలి అనుకోవడం మన దేశపు పద్ధతి కాదట, అందుకని సిలువ మర్యాదగా పక్కకి జరిగి వెనకవాళ్లకి చోటిచ్చిందట. "మరి స్వీడన్ జెండాలో కూడా సిలువ పక్కకే ఉంది కదే?" అని అడిగాను. "మనది చూసి కుట్టుకున్నారు. ఉతకడం రాక రంగు పోగొట్టుకున్నారు," అంది. నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ జెండాలన్నీ ఆ ఉతుకులోనే పాడయ్యాయని ఆవిడ చనిపోయేదాకా నమ్మింది.

ఇక నియమాలకి వస్తాను. పొద్దున ఎనిమిదికి ఎక్కించాలి. పొద్దుగూకేసరికి దించాలి. నేలకి తగలకూడదు. పాతబడితే పారేయకూడదు, గౌరవంగా కాల్చాలి. వినడానికి సులువుగానే ఉన్నాయి. కానీ మన దేశపు పొద్దు సంగతి మీకు తెలియనిదా? జూన్‌లో పొద్దు గూకదు. రాత్రి పదయినా పడమటి నీళ్ల మీద కూర్చుని కబుర్లు చెబుతుంటుంది, నిద్రకి తూలుతూ తాడు పట్టుకుని మనం నిలబడాలి. డిసెంబరులో జెండా ఎక్కించి లోపలికొచ్చి చెప్పులు విప్పుకునేసరికి మళ్లీ దించాల్సిన వేళవుతుంది.

దించకపోతే ఏమవుతుంది? పొద్దుగూకాక ఎగిరే జెండా దయ్యానికి సలాం కొట్టినట్టు అని మన పెద్దల మాట. మా తాత ఒకసారి నిజంగానే మరిచిపోయాడు. తెల్లారి తలుపు తీస్తే దయ్యం మెట్లమీద నిలబడి ఉంది, చేతిలో బేకరీ సంచి. "నిన్న నన్ను అంత ఆప్యాయంగా పలకరించారు, ఊరికే రావడం బాగోదని..." అని నసిగింది. మా తాత దాన్ని లోపలికి పిలవక తప్పలేదు. కాఫీలో పంచదార ఎక్కువ వేసుకుంటుందట. మూడుసార్లు అడిగి పోయించుకుందట. మా నాయనమ్మ తాతని తిట్టిన తిట్లకి దయ్యమే మొహమాటపడి వెళ్లిపోయింది.

జెండాతో ఇంకో ముప్పు, అది నోరు లేకుండానే వాగుతుంది. జెండా లేచిందంటే ఆ ఇంట్లో పుట్టినరోజో పెళ్లిరోజో అని వీధంతటికీ తెలిసిపోతుంది. ఇప్పుడైతే కుక్క పుట్టినరోజుకీ, కొత్త ఫ్రిజ్ వచ్చినందుకూ ఎగరేస్తున్నారు. సూపర్ మార్కెట్‌లో దోసకాయల మీద కూడా కాగితం జెండాలు గుచ్చుతున్నారు, దోసకాయకి ఎన్నేళ్లు నిండాయో మరి! ఎవరైనా పోతే సగం ఎత్తులో నిలపాలి, అంత్యక్రియలు అయిపోయాక మళ్లీ కొసకి ఎక్కించాలి. ఇది మన పద్ధతి. మనకి తెలుసు. తెలియనివాళ్ల గతి?

గుద్రూన్ భర్తని మట్టిచేసి వచ్చిన రోజు, పద్ధతి ప్రకారం ఆవిడే జెండా కొసకి ఎక్కించింది. వేసవికి అద్దె ఇంట్లో దిగిన పరాయిదేశం మనిషి ఎవరో, అది చూసి, వైను సీసా పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"పుట్టినరోజు శుభాకాంక్షలండీ. మీదా, మీవారిదా?"

"ఆయన పేరునే లెండి," అంది గుద్రూన్. "కానీ ఇప్పుడే కాస్త కిందికి వెళ్లారు. రండి, ఆయన వాటా మీరు తిందురుగాని."

ఆ మనిషి నల్లకోట్లు వేసుకున్న మా మధ్య కూర్చుని, సంగతి అర్థమయ్యేసరికి రెండు ముక్కల కేకు మింగేశాడు. మూడోది ఆవిడే బలవంతం చేసి పెట్టింది.

గుద్రూన్ అంటే ఎలాంటి మనిషో ఇప్పుడు మీకు కొంత తెలిసింది. మిగతాది నేను చెబుతాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ రేవులో ఫెర్రీ టిక్కెట్లు ఇచ్చింది. ఎబ్బె ఓడ ఆలస్యమైతే గడియారం చూపిస్తూ గట్టుమీద నిలబడేది. ఓడ ఆగింది, ఉద్యోగాలు ఆగాయి, గడియారం మాత్రం ఆగలేదు. ఎబ్బె జెండా ఎక్కించడం ఆలస్యమైనా, దించడం ఆలస్యమైనా, వంకరగా ఉన్నా, వాన ముందు తీయకపోయినా ఆవిడ కంచె దగ్గర హాజరు.

"ఏవయ్యా ఎబ్బె, సూర్యుడు నీకేమైనా బాకీనా, నీకోసం ఆగడానికి?"

"రెండు నిమిషాలేగా, మహాతల్లీ."

"ఆ రెండు నిమిషాలకే సగం దీవి ఫెర్రీ తప్పిపోయేది."

రోజూ ఇదే. ఇలాంటి పొరుగు ఉంటే మనిషికి మనశ్శాంతి ఎక్కడుంటుంది, మీరే చెప్పండి.

పోయిన చలికాలం ఒక సాయంత్రం చూడండి. పొద్దుగూకింది. ఎబ్బె జెండా దిగలేదు. గుద్రూన్ కోటు తగిలించుకుని, తిట్టాల్సినవన్నీ దారిలోనే కూడబలుక్కుంటూ నా కంచె పక్కనుంచి వెళ్లింది. కొన్ని నేనూ విన్నాను, బాగున్నాయి. తలుపు తీసి చూస్తే ఎబ్బె సెల్లారు మెట్ల అడుగున పడి ఉన్నాడు, కాలు వంకరపోయి.

"జెండా పైనే ఉంది," అంది గుద్రూన్.

"నేను కింద ఉన్నాను," అన్నాడు ఎబ్బె.

"కనిపిస్తూనే ఉంది. దాన్ని దించి వస్తాను, కదలకు."

"ఎక్కడికి కదలను?"

ఆవిడ ముందు జెండా దించి, మడతపెట్టి, సొరుగులో పెట్టి, అప్పుడు అంబులెన్సుకి ఫోన్ చేసిందని ఎబ్బె అంటాడు. ముందు ఫోనే చేశానని గుద్రూన్ అంటుంది. నేను ఎబ్బెని నమ్ముతాను.

చూశారా జెండా వల్ల వచ్చే చిక్కు? మనిషి తన ఇంట్లో, తన మెట్ల కింద, ఎవరి జోక్యం లేకుండా ఒక రాత్రి పడుకోవడానికి కూడా లేదు. అరగంటలో పొరుగావిడ, గంటలో అంబులెన్సు. ఇదా నాగరికత?

అందుకే దేవుడు మా ఊరికి ప్రీబెన్‌ని పంపాడు. కోపెన్‌హాగెన్‌లో ఇన్సూరెన్సు ఉద్యోగం చేసి రిటైరై వచ్చాడు. మంచివాడు. నిజంగానే మంచివాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. ఎబ్బె ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సంఘం తరఫున రిబ్బను కట్టిన పెట్టె పట్టుకొచ్చాడు. అందులో కొత్త తోకజెండా.

"ఇక మీకు తాడు లాగే శ్రమ లేదు," అన్నాడు. "ఒకసారి ఎక్కిస్తే సరి. ఎవరికీ ఎవరి బాధా ఉండదు."

"గుద్రూన్ ఊరుకోదు," అన్నాడు ఎబ్బె.

"ఆవిడ అనడానికి ఏముంటుందండీ? దీనికి నియమాలే లేవు కదా."

"నేనూ అదే అంటున్నాను," అన్నాడు ఎబ్బె. అయినా మొహమాటానికి పోయి ఎక్కించనిచ్చాడు.

ఆ వేసవి మా వీధి ఎంత ప్రశాంతంగా గడిచిందో చెప్పలేను. తిట్లు లేవు, కంచె దగ్గర వాదాలు లేవు. గుద్రూన్ రోజూ పొద్దుగూకే వేళకి బయటికొచ్చేది. తల ఎత్తి చూసేది. తోకజెండా ఊగుతుండేది. ఆలస్యం కాదు, ముందూ కాదు. ఆవిడ నోరు తెరిచి, మూసుకుని, ఇంటికి వెళ్లిపోయేది. ఓడ వచ్చినా ఎక్కించడానికి సరుకు లేని రేవులా ఉండేది మొహం. ఈ దృశ్యం చూసి ప్రీబెన్‌కి ఊరంతటికీ తోకజెండాలు కట్టించాలన్న తీర్మానం తట్టింది.

ఇక ఆగస్టులో జరిగింది. దీన్ని చూపించి కొందరు తోకజెండాని నిందిస్తున్నారు గనక న్యాయం కోసం నేను మాట్లాడక తప్పదు.

ఒక ఆదివారం, చర్చి గంటలు మోగే వేళకి, ఎబ్బె వంటింట్లో పై అరలోని హెర్రింగ్ చేపల సీసా అందుకోబోయి పడ్డాడు. ఈసారి తుంటి. ఫోన్ బల్లమీద ఉంది, ఎబ్బె నేలమీద ఉన్నాడు. తోకజెండా కర్రమీద ఉంది.

ఆదివారమంతా అది ఊగింది. సోమవారమూ ఊగింది. మేమందరం చూస్తూనే ఉన్నాం. ప్రీబెన్ సైకిల్ మీద పోతూ దానికి చెయ్యి కూడా ఊపాడు. నేను కిటికీలోంచి చూసి, ఎబ్బె హాయిగా ఉన్నాడనుకుని పేకముక్కలు పరుచుకున్నాను. గాలి బాగా వేసిన రెండు రోజులవి. జెండా ఎంత కళకళలాడిందని!

మంగళవారానికి గుద్రూన్‌కి ఓపిక నశించింది. ఎన్నాళ్లని ఉగ్గబట్టుకుంటుంది? చూడగా చూడగా తోకజెండా కొస చీలి పీలికలవడం కంటపడింది. "నియమం లేకపోతే పోయింది, కుట్టుకోవాలన్న సిగ్గుండొద్దూ?" అని నాకు వినబడేలా అని, సూదీ దారం పట్టుకుని బయల్దేరింది. అంత హుషారుగా ఆవిడ నడవడం నేను ఆ వేసవిలో అదే చూడటం.

తర్వాతది ఎబ్బె చెప్పాడు.

"కొస పీలికలైంది," అంది గుద్రూన్, గుమ్మంలో నిలబడి.

"తెలుసు. ఆదివారం నుంచీ కిటికీలోంచి దాన్నే చూస్తున్నాను."

"అయితే పిలవచ్చుగా?"

"పిలిచాను. దానికి వినబడలేదు."

ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చి, అతని తల ఎత్తి తాగించి, అంబులెన్సు వచ్చేదాకా నేలమీద పక్కనే కూర్చుంది. ఒక్క తిట్టు తిట్టలేదు. "అప్పుడు భయమేసిందిరా విల్లాస్," అన్నాడు ఎబ్బె నాతో, ఆసుపత్రి మంచం మీంచి. "ఆవిడ తిట్టట్లేదంటే నేను పోయాననే అనుకున్నాను."

ఇందులో తోకజెండా తప్పేముంది? అది దాని పని సక్రమంగా చేసింది. ఊగమన్నారు, ఊగింది. మనిషి ఉన్నాడా, పడ్డాడా, తిన్నాడా అని ఆరా తీయడం దాని బాధ్యత అని ఎవరైనా చెప్పారా? ఎవరికీ ఎవరి బాధా ఉండదని ప్రీబెన్ ముందే మాటిచ్చాడు. రెండు రోజులపాటు ఎబ్బె బాధ మాలో ఎవ్వరికీ లేదు. ఇచ్చిన మాట ఇంత కచ్చితంగా నిలబెట్టుకున్న తీర్మానం మరొకటి చూపించండి.

ప్రీబెన్ పాపం పాలిపోయిన మొహంతో ఆసుపత్రికి వెళ్లాడు. జెండాకీ దీనికీ సంబంధం లేదనీ, మెడలో వేసుకునే అలారం బటన్లు వస్తున్నాయనీ, సంఘం కొనిపెడుతుందనీ చెప్పాడు. ఎబ్బె బటన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"నొక్కితే మనుషులు వస్తారా?"

"వెంటనే."

"నొక్కకపోతే తిడుతుందా?"

ప్రీబెన్ కంపెనీవాళ్లని అడుగుతానన్నాడు.

ఎబ్బె పోయిన వారం ఇంటికొచ్చాడు. బటన్ మెడలో ఉంది, నిజమే. కానీ కర్రమీద ఉన్నది తోకజెండా కాదు. గుద్రూన్ దాన్ని దించేసి, పీలికలు కత్తిరించి, మిగిలిన బట్టని ఎబ్బె చేతికర్రకి పిడి దగ్గర చుట్టి కుట్టింది, చెయ్యి జారకుండా. మామూలు జెండా అయితే అలా చేయకూడదు, మహాపరాధం. తోకజెండాకి నియమం లేదు కదా, చూశారా ఎంత సౌకర్యమో!

ఎబ్బె తాడు లాగలేడు. అందుకని పొద్దున ఎక్కించడానికీ, సాయంత్రం దించడానికీ గుద్రూనే వస్తోంది. ఎబ్బె వాకిట్లో కుర్చీ వేసుకుని అధికారిలా కూర్చుంటాడు. నిన్న నా కంచె దగ్గర నుంచి విన్నాను, వినక చేసేదేముంది.

"ఎనిమిదీ పది," అన్నాడు ఎబ్బె. "ఓడ వెళ్లిపోయింది."

"నోరుమూసుకుని జెండా చూడు."

"వంకరగా కట్టావు."

"నీ తల వంకరగా పెట్టుకుని చూస్తున్నావు. ఏం తిన్నావు పొద్దున?"

"రొట్టె."

"రొట్టె మీద?"

"...రొట్టె."

"ఉండు, చేప తెస్తాను. పై అర జోలికి వెళ్లావంటే రెండో తుంటి నేనే విరగ్గొడతాను."

జెండా ఉంటే వచ్చే అవస్థ ఇది. పొద్దున్నే ఒక మనిషి, సాయంత్రం ఒక మనిషి. ఏం తిన్నావు, ఎందుకు తినలేదు, మొహం అలా ఉందేం. తప్పించుకునే దారి లేదు.

కాబట్టి ఓటర్లారా, బాగా ఆలోచించుకోండి. మీ పెరట్లోకి ఎవరూ తొంగిచూడకూడదు, పొద్దుగూకాక మీ తలుపు ఎవరూ తట్టకూడదు, మీరున్నదీ లేనిదీ మీ సొంత విషయంగా ఉండాలి అనుకుంటే శనివారం చెయ్యి పైకెత్తండి. తోకజెండాని మించింది లేదు. నా దగ్గర కూడా ఒకటి ఉంది, ప్రీబెన్ ఇచ్చిందే, పెట్టెలోంచి తీయలేదు. కావాలంటే ఊరికే ఇస్తాను.

ఇంకా రాయాల్సింది ఉంది గానీ, పొద్దు సముద్రంలోకి దిగిపోయింది. నా జెండా మాత్రం కర్రమీదే ఉంది. మతిమరుపనుకోకండి, నిన్నా ఇలాగే ఉంది, మొన్నా ఇలాగే ఉంది. ఎబ్బె జెండా దించాక గుద్రూన్ ఇంటికెళ్లేది నా కంచె పక్కనుంచే. కాఫీ కాచి ఉంచాను.

అదిగో, గేటు చప్పుడు.

"విల్లాస్! మళ్లీ దయ్యానికి సలాం కొడుతున్నావా?"

విన్నారుగా? జెండా ఉన్నవాడికి ఈ దేశంలో ఒక్క సాయంత్రమైనా ఒంటరిగా కూర్చునే యోగం లేదు.